పేర్లు మోసిన తొక్కుడు బండి

గుట్టకిందపల్లి శ్రీ గుట్టాంజనేయ ఉన్నత పాఠశాల ఘనత చెప్పమంటే ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక పెద్దపెద్దవాళ్ళే తడబడతారు. కుందారపల్లి దగ్గర హైవే దిగి, టమాటా తోటల మధ్య గుట్ట వైపు పోయే మట్టిరోడ్డు చివర ఇంత పెద్ద బడి ఉందని బెంగుళూరు బస్సుల్లో నిద్రపోతూ పోయేవాళ్ళకు తెలియకపోవచ్చు. అది వాళ్ళ ఖర్మ. కృష్ణగిరి జిల్లా కాకముందే ఈ బడికి ఇనుప జెండాస్తంభం ఉంది. ఖోఖోలో జవళగిరి జట్టును దాని ఊరికే పోయి ఓడించి వచ్చింది. సామల్పట్టి నుంచి రైలెక్కి వచ్చిన కబడ్డీ జట్టును కూడా ఓడించింది. ఆ రోజు వాన పడి ఆట జరగలేదనేది వేరే సంగతి. వచ్చినవాళ్ళు ఆడకుండా వెనక్కి పోయారు కాబట్టి ఓడినట్టే లెక్క.

వీటన్నిటినీ మించినది ఇంకొకటి ఉంది. హోసూరులో ఏటా జరిగే తొక్కుడు బండ్ల పందేనికి, మొదలైన నాటి నుంచి ఒక్క ఏడూ తప్పకుండా పోయిన బడి జిల్లా మొత్తానికి ఇదొక్కటే. పట్నం బడులు వచ్చాయి, గెలిచాయి, విసుగు పుట్టి మానేశాయి. గుట్టకిందపల్లి మానలేదు. పందేనికి పోని ఏడు లేదు. చాలా ఏళ్ళ దాకా, పందెం ముగిసే గీత దాటిన ఏడు కూడా లేదు.

ఈ రెండు ఘనతలకూ కారకుడు ఒక్కడే, డ్రిల్ మాస్టర్ గోవిందప్ప.

గోవిందప్ప గొర్రెలు మేపే ఇంట్లో పుట్టినవాడు. గుట్ట మీద మందను మళ్ళించిన గొంతే తరువాత బడిలో పిల్లలను మళ్ళించడానికి పనికొచ్చింది. ట్రైనింగు చదివి, చదివిన బడికే మాస్టరుగా వచ్చాడు. అయితే డ్రిల్ మాస్టరంటే మన ఊళ్ళలో ఉండే మర్యాద తెలిసిందే. లెక్కల మాస్టరు వస్తే లేచి నిలబడతారు. డ్రిల్ మాస్టరు వస్తే, 'సార్, బాల్ ఉందా?' అంటారు. పెళ్ళిళ్ళలో మిగతా మాస్టర్లను ముందు వరసలో కూర్చోబెట్టి, గోవిందప్పను పంక్తి సర్దడానికి పిలిచేవాళ్ళు. వరసలు సర్దడంలో అనుభవం ఉందని.

తొంభై ఆరులో వాలీబాల్ నెట్ కొనడానికి హోసూరు పోయినప్పుడు ఆయన జాతకం మారింది. ఫ్యాక్టరీల వీధుల్లో జనం గుంపు కట్టి ఉన్నారు. అక్కడి ఫ్యాక్టరీల సంఘంవాళ్ళు బడులకు కొత్త పందెం పెట్టారు. బండికి ఇంజను ఉండరాదు, ఎద్దు ఉండరాదు, కాళ్ళే దిక్కు. బడిలోనే తయారుచేసిన మూడు చక్రాల బండిలో ఇద్దరు పిల్లలు కూర్చొని తొక్కాలి. మధ్యాహ్నం సైరన్ మోగేలోపు చెప్పినన్ని చుట్లు తిరిగి గీత దాటాలి. దిగి తోయకూడదు, బయటివాడు చెయ్యి వేయకూడదు. నెట్ కొనాలన్న మాట మరిచిపోయి, గోవిందప్ప అక్కడికక్కడే బడి పేరు ఇచ్చాడు. ఏం బండి అని అడిగితే, 'తయారవుతా ఉంది' అన్నాడు. అప్పటికి తయారైనది ఆ మాట ఒక్కటే.

రెండు పాత సైకిళ్ళు, ఒక తోపుడుబండి చక్రం కలిపి అతికించిన ఆ మొదటి బండి నిజంగానే పరుగెత్తింది. కానీ పూజ లేకుండా బండి ఎలా కదులుతుంది? గోవిందప్ప గజమంత బంతిపూల మాల వేశాడు. అది మొదటి మలుపులోనే చైన్‌లో చుట్టుకొని బండిని నిలబెట్టేసింది. 'పూలతో ఆగిన బండి దేశంలో మనదొక్కటే' అని ఆ ఏడు బడి వార్షికోత్సవంలో గోవిందప్ప ప్రకటించాడు, చప్పట్లు కూడా పడ్డాయి. రెండో ఏడు మాల మానేసి దిష్టి గుమ్మడికాయ పగలగొట్టారు. దాని గుజ్జు మీద పక్క బడి బండి జారి పడింది, దాని మీద మన బండి పడింది. మూడో ఏడు ఆయుధపూజ లారీకి కట్టినట్టు రెండు పక్కలా అరటిచెట్లు కట్టారు. ఎదురుగాలి వచ్చేసరికి అవి తెరచాపలై, పిల్లలు ముందుకు తొక్కుతుంటే గాలి వెనక్కి లాగింది. ఏటా ఒక కొత్త కారణం దొరికింది. ఒకే కారణంతో రెండుసార్లు ఓడిపోని బడి అనే ఘనత కూడా మనకు దక్కింది.

గీత దాటకపోయినా గోవిందప్ప మర్యాద మాత్రం దాటాల్సిన గీతలన్నీ దాటింది. పేపర్‌వాళ్ళు ఆయనను మాట అడిగారు. పెళ్ళిళ్ళలో ముందు వరస దొరికింది. 'పందెం మాస్టరు' అనే పేరు వచ్చింది. హోసూరు బజారులో టీ తాగితే, 'ఈసారి దేనితో ఆగుతుంది సార్?' అని అడిగేవాళ్ళు. అది ఎగతాళి అని ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా నమ్మేవాడు కాదు.

ఆ మర్యాద చూసి మిగిలినవాళ్ళకూ బండి మీద ప్రేమ పుట్టింది. మన వైపు గుడికి ఒక ట్యూబ్‌లైట్ ఇచ్చినా దాని మీద ఎర్ర రంగుతో తన పేరు, నాయన పేరు, ఊరు, వ్యాపారం అన్నీ రాయిస్తారు. ఇచ్చినది ఉభయం, ఇచ్చినవాడు ఉభయదారు. రాతలన్నీ పూర్తయ్యాక లైట్ వేస్తే పేరు వెలుగుతుంది, దేవుడు చీకట్లో ఉంటాడు. ఈ ఆచారం గుట్ట మెట్లు దిగి, బడి గేటు దాటి, బండి ఎక్కి కూర్చుంది.

మొదట ఎక్కినవాడు బడి కరస్పాండెంట్ రామచంద్రప్ప. కృష్ణగిరిలో చింతపండు మండీ ఉన్న పెద్దమనిషి. రెండు సీట్లు ఇచ్చాడు. వాటి ఉభయంగా ఇత్తడి ఫలకం వచ్చి బండి నుదుటిన వెలిసింది. తరువాత పంచాయతీ మెంబరు సుబ్బక్క, తన మహిళా సంఘం తరఫున ఒక గంట, ఎండకు ఒక టార్పాలిన్ ఇచ్చింది. సంఘంలో ఎవరి పేరూ వదలడానికి లేదు కాబట్టి ఇనుప బోర్డు తలుపంత అయింది. ఆఖరున గ్రానైట్ క్వారీ తిమ్మరాజు వచ్చాడు. పోయిన తన నాయన జ్ఞాపకార్థం ముందు చక్రం ఇచ్చాడు. క్వారీ యజమాని నాయన పేరు రేకు మీద రాయిస్తాడా? నల్ల గ్రానైట్ పలక, అద్దంలా నునుపు, బంగారు అక్షరాలు, పైన దీపం బొమ్మ. దాన్ని పెడల్స్‌కు సరిగ్గా పైన బోల్టులతో బిగించారు. దూరం నుంచి చూస్తే ఒక సమాధి చక్రాల మీద వస్తున్నట్టు ఉండేది.

తా దూర కంత లేదు, మెడకో డోలు అని పెద్దలు ఊరికే అనలేదు. డోలు మోసేవాడు గోవిందప్ప అయితే వేరే మాట. తొక్కేది మాత్రం పిల్లలు.

కృష్ణగిరి జిల్లా అయిన మరుసటి ఏడు పందెం సంఘంవాళ్ళు బడులను పిలిచి మీటింగ్ పెట్టారు. కొత్త బడులు రావడానికి చోటు కావాలి, అందువల్ల ఈసారి గీత దాటని బడిని ఇక మీదట పిలవబోమని చెప్పేశారు. చెప్పేటప్పుడు అందరూ గోవిందప్ప వైపే చూశారు. పందెం పోతే ఏం మిగులుతుందో ఆయనకు బాగా తెలుసు. మళ్ళీ పంక్తి సర్దాలి. మళ్ళీ, 'సార్, బాల్ ఉందా?'

మరునాడే పిల్లలను బండి ఎక్కించి హైవే దాకా తొక్కించాడు. ముందు సీట్లో తొమ్మిదో తరగతి భువన. రోజూ సైకిలు మీద టమాటా బుట్టలు కుందారపల్లికి చేర్చి బడికి వచ్చే పిల్ల. వెనక సీట్లో యశ్వంత్. మిట్ట సగంలో బండి నిలబడిపోయింది.

“ఏమ్మా భువనా, నిలిపేస్తివి? కాళ్ళల్లో బలం లేదా?”

“కాళ్ళల్లో ఉంది సార్. కాళ్ళ మీద తిమ్మరాజన్న వాళ్ళ నాయన కూర్చోని ఉండాడు.”

“పెద్దోళ్ళను అట్ల అనకూడదు.”

“నేనేమన్నాను సార్? ఆయప్పను దిగి నడిచి రమ్మనండి, మేము తొక్కుతాము.”

యశ్వంత్ వెనకనుంచి, “సుబ్బక్క సంఘం కూడా దిగల్ల సార్. నా వీపుకు తగల్తా ఉండారు అందురూ” అన్నాడు.

గోవిందప్ప గొర్రెలు కాచినవాడే కానీ గొర్రె కాదు. బండి ఎందుకు ఆగుతోందో ఆయనకు ఎప్పుడో తెలుసు. ప్రతి ఏడూ చివర్లో దాన్ని టెంపోలోకి ఎత్తేది ఆయనే మరి. తెలిసినది నోటితో అనడానికి ఇంతకాలం ధైర్యం లేకపోయింది. ఇప్పుడు భయం ధైర్యం కంటే పెద్దదైంది. హెడ్మాస్టర్ గదిలో ఉభయదారులను కూర్చోబెట్టి, టీ ఇప్పించి, దగ్గి, విషయం చెప్పాడు.

“బండి బరువు తగ్గించల్ల అన్నా. ఫలకాలు ఈ ఒక్క తూరి తీసి, బడి హాల్లో మర్యాదగా తగిలిస్తాము.”

రామచంద్రప్ప టీ గ్లాసు కింద పెట్టాడు. “మంచి మాటే చెప్పినావప్పా. బడి మేలే మనకు ముఖ్యం. ముందు సుబ్బక్కది తీయి. తలుపంత ఉంది.”

“నాదెందుకు తీయల్ల?” అని సుబ్బక్క లేచింది. “నాది ఒక్కదాని పేరా అప్పా అది? ఊర్లో ఆడోళ్ళ పేర్లన్నీ ఉండాయి. తీస్తే నేను నీళ్ళకు పొయ్యేదారి లేదు. రాయి ఉంది కదా ఆడ, రాయి! దాన్ని తియ్యండి.”

తిమ్మరాజు కుర్చీ ముందుకు లాక్కున్నాడు. “పోయినోని పేరు తీస్తారా? మా నాయన బతికినన్ని దినాలు ఈ ఊరికి ఏం తక్కువ చేసినాడు? మండీ ఫలకం తియ్యండి. ఆయన బతికే ఉండాడు కదా, ఎప్పుడు కావాలంటే అప్పుడు ఇంకొకటి పెట్టుకోవచ్చును.”

“ఏమప్పా, నేను బతికుండేది తప్పా?” అన్నాడు రామచంద్రప్ప.

గోవిందప్ప మధ్యలో ఒక ఉపాయం వేశాడు. “పేర్లన్నీ కలిపి ఒక ఫ్లెక్స్ బ్యానరు వేయిస్తే? గుడ్డ మాదిరి, బరువుండదు.”

ముగ్గురూ మొదటిసారి ఒక మాట మీదికి వచ్చారు. “ఫ్లెక్సా? ఊర్లో ఎవురన్నా చస్తే కట్టేది కదప్పా అది! మేమింకా ఉండాము.”

“మా నాయన చచ్చినప్పుడే కట్టలేదు” అన్నాడు తిమ్మరాజు.

చీకటి పడేదాకా మాట్లాడారు. చివరికి బరువు తగ్గించడం అవసరమేనని అందరూ ఒప్పుకొని, ఆ పని చూడటానికి ‘బండి బరువు తగ్గింపు సంఘం’ ఒకటి ఏర్పాటు చేశారు. అధ్యక్షుడు రామచంద్రప్ప, ఉపాధ్యక్షురాలు సుబ్బక్క, గౌరవ సలహాదారు తిమ్మరాజు. ఆ సంఘం పేరుతో ఒక చిన్న రేకు ఫలకం చేయించి బండి వెనక తగిలించాలని కూడా తీర్మానమైంది. తగిలించారు.

ఇంటికి పోయి గోవిందప్ప అన్నం ముందు కూర్చొని ఇదంతా చెప్పుకొని వాపోయాడు. ఆయన భార్య మునెమ్మ కూర వడ్డిస్తూ విన్నది. ఆమె బడికి పోలేదు. అందువల్ల ఆ బడి ఘనతల మీద ఆమెకు పెద్ద గౌరవం కూడా లేదు.

“అందరిదీ చెప్పినావు. నీది యాడుంది?”

“నాదేముంది?”

“హ్యాండిల్ కింద ఉండేది ఏమిటిది? మొన్న పసుపు పెట్టేదానికి వచ్చినప్పుడు చూసినాను. ఏమో రాసినారు కదా, పిల్లోళ్ళు చదివి చెప్పినారు.”

ఉంది. ‘రూపకర్త, శిక్షకుడు, సారథి: గోవిందప్ప’ అని రంగుల రేకు. సారథి అంటే బండి నడిపేవాడు. ఆయన ఆ బండిలో ఒక్కనాడూ కూర్చోలేదు, ఆ సీట్లు ఆయనకు పట్టవు.

“అది రేకు మునెమ్మా. బరువుండదు.”

“బరువు లేనిదాన్ని తీసేదానికి చెయ్యి రాలేదు నీకు. రాయిని తీయమని వాళ్ళకు చెప్పేదానికి మాత్రం పోయినావు.”

“నీకు తెల్దు, గమ్మునుండు.”

“గమ్మునే ఉండాను. అన్నం తిను.”

ఆయన అన్నం సగంలో వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

పందెం ఆదివారం. తొక్కుడు బండి టెంపోలో, ఉభయదారులు క్వారీ లారీలో, పిల్లలు బస్సులో హోసూరు చేరారు. డోలు సన్నాయి మేళం కూడా వచ్చింది. మేళం లేకుండా ఓడిపోవడం మన బడికి అలవాటు లేదు. మిగతా బడుల బండ్లు మిడతల్లా సన్నగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య మన బండిని దించితే పెళ్ళికూతురును దించినట్టే ఉంది, నగలు మోయలేక ముందుకు వంగిన పెళ్ళికూతురు.

పూజ అయింది. పందెం మొదలుపెట్టే సైరన్‌కు ఇంకా కాస్త వ్యవధి ఉంది. అప్పుడు గోవిందప్ప స్పానర్ తీసుకొని అందరి ముందు బండి కింద కూర్చొని, తన రేకును తాను విప్పాడు. విప్పి జేబులో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు. దారం కట్టి మెడలో వేసుకున్నాడు, పేరు బయటికి కనబడేటట్టు.

“ఇదేమప్పా వేషం?” అన్నాడు రామచంద్రప్ప.

గోవిందప్ప లేచి నిలబడి, మందను మళ్ళించే గొంతు తీశాడు. “అన్నా, మన గుట్ట దేవుని తేరు జరిగేటప్పుడు ఉభయదారు యాడ ఉంటాడు? తేరెక్కి దేవుని తొడ మీద కూర్చుంటాడా?”

“ఏం మాటప్పా అది! తలకు పరివట్టం పట్టుగుడ్డ కట్టుకొని తేరు ముందర నడుస్తాడు.”

“మనం ఇన్నేండ్లు ఏం చేసినాము? ఉభయదారుల పేర్లను తేరెక్కించినాము. అపచారం కాదా? అందుకే తేరు కదల్లేదు. ఈ తూరి మీరు మీ మీ ఫలకాలు చేత పట్టుకొని, పరివట్టంతో, మేళంతో, బండి ముందర నడవల్ల. హోసూరు మొత్తం చూస్తుంది. బండి మీద ఉంటే పేరు మాత్రం కనబడుతుంది. చేత పట్టుకుంటే మనిషి కూడా కనబడతాడు.”

చివరి మాట తగిలింది. మనిషి కూడా కనబడతాడనేది ఇంతవరకూ ఎవరికీ తట్టలేదు. రామచంద్రప్ప తన భుజం మీది కండువా సర్దుకున్నాడు. సుబ్బక్క చీర కుచ్చిళ్ళు చూసుకుంది. పట్టు గుడ్డలు ఎక్కడివి అని అడగకముందే గోవిందప్ప సంచిలోనుంచి తీశాడు. గుడి పూజారి దగ్గర నుంచి ముందే తెచ్చిపెట్టుకున్నాడు. బోల్టులు టకటకా ఊడాయి, బరువు తగ్గింపు సంఘం రేకుతో సహా. సుబ్బక్క బోర్డుకు ఆ పక్క ఇద్దరు, ఈ పక్క ఇద్దరు సంఘం ఆడవాళ్ళు వచ్చి పట్టుకున్నారు. రామచంద్రప్ప ఇత్తడిని గుండెకు ఆనించుకున్నాడు. తిమ్మరాజు రాయిని మోయడానికి క్వారీ మనుషులు ముందుకు వస్తే, “తాకద్దండి. మా నాయనను నేనే ఎత్తుకుంటాను” అన్నాడు.

డోలు మోగింది. ఊరేగింపు గీత దాకా పోయింది. ఫ్యాక్టరీలవాళ్ళు నోళ్ళు తెరిచి చూశారు. పక్క బడి మాస్టరు ఒకాయన తమిళంలో, ‘ఇది ఏ సామికి తిరునాళ్ళు సార్?’ అని గోవిందప్పను అడిగాడు. అంతలో మొదటి సైరన్ మోగింది. ఊరేగింపు పక్కకు తప్పుకుంది, బండి దూసుకుపోయింది.

దూసుకుపోయింది అనే మాట ఇన్నేళ్ళలో ఆ బండి గురించి వాడటం ఇదే మొదలు.

రామచంద్రప్ప చుట్టూ చూశాడు. “ఏమప్పా, ఇంగ ఫలకాలు తగిలించరా?”

“కదిలిన తేరును మధ్యలో ఆపుతారా అన్నా? అరిష్టం.”

“మరి వీటిని ఏం చేసేది?”

“పట్టుకోండి.”

ఇత్తడి ఫలకాన్ని చంకలో పెట్టుకోవచ్చు. సుబ్బక్క సంఘం తన బోర్డును నిలబెట్టి దాని నీడలో కూర్చుంది. ఇచ్చిన టార్పాలిన్ కంటే అదే బాగా పనికొచ్చింది. చిక్కు వచ్చింది తిమ్మరాజుకే. నాయన పేరును నేల మీద పెట్టడానికి మనసు రాదు, ఇంకొకరి చేతికి ఇస్తానంటే ఇందాకే అన్న మాట అడ్డం. చుట్టు తరువాత చుట్టు బండి ముందునుంచి పోతుంటే ఆయన రాయిని గుండెకు హత్తుకొని ఎండలో నిలబడ్డాడు. మొదటి చుట్లలో ముఖం గంభీరంగా ఉంది. తరువాత ఎర్రబడింది. తరువాత రాయి పొట్ట దాకా జారింది.

“రాజన్నా, కాస్త దించప్పా” అన్నాడు రామచంద్రప్ప.

“దించను. పిల్లోళ్ళు ఇది పెట్టుకోని ఇన్నేండ్లు ఎట్ల తొక్కినారప్పా?” అన్నాడు తిమ్మరాజు. ఆ ప్రశ్న ఎవరినీ అడిగినట్టు లేదు.

ఎండ నడినెత్తికి వచ్చింది. రెండు పట్నం బండ్లు ఇరుసులు విరిగి ఆగిపోయాయి. మనది ఆగలేదు, కానీ చివరి చుట్టు మొదలయ్యేసరికి యశ్వంత్ కాళ్ళు పట్టేశాయి. భువన ఒక్కతే తొక్కుతోంది. ఆఖరి మలుపు నుంచి గీత దాకా చిన్న మిట్ట ఉంది. దిగి తోస్తే పందెం పోయినట్టే. బండి నెమ్మదైంది, నత్త నడక అయింది. పందెం సంఘం మనిషి ఆఖరి సైరన్ దగ్గరికి పోయి చెయ్యి వేశాడు.

ఆ క్షణంలో గోవిందప్పకు పెళ్ళి పంక్తులు కనిపించాయి, విస్తళ్ళు కనిపించాయి. మెడలోని రేకును పట్టుకొని నిలబడ్డాడు. అప్పుడు తిమ్మరాజు అరిచాడు.

“తొందరగా రామ్మా! నా చేతులు పడిపోతా ఉండాయి! నువ్వు దాటితేగాని నేను దించేదానికి లేదు!”

భువన తల ఎత్తి చూసింది. తిమ్మరాజన్న రాయి మోస్తూ ఏడుపు ముఖం పెట్టిన దృశ్యం ఆ పిల్లకు నవ్వు తెప్పించింది. నవ్వుతూనే లేచి నిలబడి పెడల్ మీద ఒళ్ళంతా వేసింది. బండి గీత దాటింది. వెంటనే సైరన్ మోగింది.

చివరి నుంచి మొదటి స్థానం. అయితే ఏం? దాటింది. గోవిందప్ప పరుగెత్తి పోయి పిల్లలిద్దరినీ ఎత్తుకోబోయి, మెడలోని రేకు గుచ్చుకొని ఆగిపోయాడు. తిమ్మరాజు రాయితో సహా రోడ్డు మీద కూలబడ్డాడు.

మరునాడు తమిళ పేపర్లో ఫొటో వచ్చింది. బండి, బండిలో భువన, యశ్వంత్. అంతే. ఊరేగింపు ఫొటో వేయలేదు. రామచంద్రప్ప పేపర్ పట్టుకొని బడికి వచ్చాడు. ఆయన అన్న మాట గుట్టకిందపల్లి చరిత్రలో నిలిచిపోతుంది.

“ఇన్నేండ్లు ఓడినప్పుడంతా మా పేర్లు పెట్టుకోని ఓడినావు. గీత దాటిన ఒక్క దినం మా పేర్లు లేకుండా దాటినావు. ఇది న్యాయమా గోవిందప్పా?”

పందెం బాధ్యత గోవిందప్ప నుంచి తీసి లెక్కల మాస్టరుకు ఇచ్చారు. బడి పందెంలో నిలవాలని గోవిందప్ప గుట్ట దేవునికి మొక్కుకున్నాడు, నిలిచింది. తాను కూడా నిలవాలని మొక్కులో చేర్చడం మరిచిపోయాడు. ఆ ఏడంతా ఎవరు కనబడినా, పేరు తీసేసిన సంగతి తన నోటితోనే చెప్పుకుంటూ తిరిగాడు. పేరు తీసేసుకొని ఇంత పేరు సంపాదించినవాడు జిల్లాలో ఇంకొకడు లేడు.

మరుసటి ఏడు లెక్కల మాస్టరు కొత్త బండి కట్టించాడు. ఇత్తడి, ఇనుము, గ్రానైటు అన్నీ మళ్ళీ ఎక్కాయి, సరిగ్గా కొలతలు వేసి మరీ ఎక్కించారు. పూజ రోజు భువనను ఎక్కమంటే చేతులు కట్టుకొని నిలబడింది.

“ఎక్కమ్మా” అన్నాడు రామచంద్రప్ప.

“పేరుండేవాళ్ళు తొక్కనీ సార్. నా పేరు యాడా లేదు.”

బతిమాలారు, బెదిరించారు. వేరే పిల్లలను పిలిస్తే ఒక్కరూ ముందుకు రాలేదు. రామచంద్రప్ప తిమ్మరాజు వైపు చూశాడు. తిమ్మరాజు తన చేతుల వైపు చూసుకున్నాడు. “తీసేయండప్పా” అన్నాడు మెల్లగా. “బండి ముందర నడుస్తాము. అదే బాగుండింది. మనుషులు కూడా కనబడినాము.”

గోవిందప్పను మళ్ళీ పిలిపించారు. ఆ నాటి నుంచి ఇదే వాడుక. బండి ఒట్టిగా పోతుంది. ముందర పరివట్టాలు, ఫలకాలు, మేళం. హోసూరువాళ్ళు ఇప్పుడు ఈ ఊరేగింపు చూడటానికే వస్తారు, పందెం సంగతి తరువాత. తిమ్మరాజు మాత్రం ఏటా కొత్త రాయి చెక్కిస్తున్నాడు, ఏటా కొంచెం చిన్నది. నాయన పేరు పూర్తిగానే ఉంటుంది, అక్షరాలు సన్నమవుతున్నాయి.

గోవిందప్ప రిటైరయ్యే ఏడు ఉభయదారులందరూ కలిసి ఆయన పేరుతో ఒక ఫలకం చేయిస్తామన్నారు. ఆయన వద్దన్నాడు. మొదటిసారి గట్టిగా వద్దన్నాడు. రెండోసారి మామూలుగా అన్నాడు. మూడోసారి అన్నట్టే వినబడలేదు.

“దేనితో చేయిస్తారంట?” అని ఇంట్లో మునెమ్మ అడిగింది.

“తిమ్మరాజన్న గ్రానైటు ఇస్తానన్నాడు.”

“చేయించుకో, నాకేమి? మోసేది మాత్రం నువ్వే.”

ఆ ఏడు నుంచి ఊరేగింపులో ఒక మనిషి పెరిగాడు. అందరి కంటే పెద్ద రాయి ఆయనదే. ఆగి ఆగి, చెమట తుడుచుకుంటూ, ఎంత బరువుగా ఉందో దారిన కనబడిన ప్రతివాడికీ చెబుతూ నడుస్తాడు.